అంటింపని తపాలా బిళ్ళ



తపాలా బిళ్ళలు కూర్చుకొనుట పాపమా అని మా సంఘములోని యొక యౌవనుడు నన్నడిగెను. పేరుపొందిన చిత్రపటములు అచ్చువేసిన బిళ్ళలనే అతడు వెదకి తెచ్చి పుస్తకములో పెట్టుకొనును. విగ్రహములనుగూర్చిన రెండవ ఆజ్ఞ అతని భయము. బిళ్ళకు ఎవరు మ్రొక్కుదురు? పాపము కాదని చెప్పి పంపితిని. అయితే అతడు వెళ్లిన తరువాత ఐదవ ఆజ్ఞ నన్ను పట్టుకొనెను. ఏలయన నేనును ఒకప్పుడు ఆ పని చేసినవాడనే.

నా పుస్తకములో 1934లో అమెరికావారు వేసిన మూడు సెంట్ల బిళ్ళ యొకటి యుండెను. విస్లర్ అను చిత్రకారుడు 1871లో తన తల్లిని కుర్చీలో కూర్చుండబెట్టి, ప్రక్కనుండి చూచినట్లు చిత్రించెను. నల్లని దుస్తులు, తెల్లని కుళ్లాయి, ఒడిలో చేతులు. ఆమె భక్తిగల స్త్రీ. ఆ పటము ఇప్పుడు పారిస్‌లో ఓర్సే చిత్రశాలలో నున్నది. మాతృదినమునకై ఆ పటముతో బిళ్ళ వేయించుటలో అధ్యక్షుడు రూజ్వెల్టునకే పాలుండెను. ఆయనయు బిళ్ళలు సేకరించువాడే. అయితే బిళ్ళపై ఆమె పాదములు కత్తిరింపబడెను. మూలపటములో లేని పూలకుండీ యొకటి మూలను చేర్చబడెను. చిత్రకారులు కోపపడిరి. తల్లికి పూలు పెట్టి పాదములు తీసివేయుట మన యిండ్లలోను లేకపోలేదు.

బిళ్ళలు కూర్చువారు సాధారణముగా ముద్రపడని, వెనుక బంక చెడని బిళ్ళకే ఎక్కువ వెల కట్టుదురు. జాబును మోసికొని దూరము వచ్చి, నల్లని ముద్ర తగిలినది తక్కువది. అమ్మకు జాబు చేర్చుటకై పుట్టిన బిళ్ళ, ఆ జాబు వ్రాయకుండుటచేతనే విలువగలదగుచున్నది! మార్కు సువార్త 7వ అధ్యాయములో ప్రభువు కొర్బానును గూర్చి పలికినది ఇట్టిదే గదా. తలిదండ్రులకు చెందవలసినది దేవునికి అర్పితమని చెప్పి ఆపివేసినవారు దొంగలని పేరుపడినవారు కారు. దేవుని నామమునే పలికిరి. అదియే నాకు భయము.

నేను వేదాంత కళాశాలలో చదువుచుండగా అమ్మ కోడిగ్రుడ్లు అమ్మిన డబ్బు కొంగుముడి విప్పి నా చేతిలో పెట్టి, “ఉత్తరాలకు స్టాంపులు కొనుక్కో నాయనా” అనెను. ఆ డబ్బుతో పాతబిళ్ళల అంగడిలో 1978 నాటి బిళ్ళ కొంటిని. అమృతా షేర్‌గిల్ చిత్రించిన కొండప్రాంతపు స్త్రీలు దానిపై నిలిచియున్నారు. వారి వాలిన కన్నులు చూచి నా కండ్లు చెమర్చెను. ఇంటికిమాత్రము వ్రాయలేదు. పరీక్షలు, ప్రసంగములు, గ్రామములలో సువార్త కూటములు – ఇవి నా కొర్బాను. చదువురాని అమ్మ తపాలావాడు వచ్చువేళకు అరుగుమీద కూర్చుండెడిదట. ఆమె ఎన్నడు నాతో అనలేదు. భూస్థాపన దినమున పొరుగింటి పిన్నమ్మ చెప్పెను.

మరుసటి ఆదివారము ఆ యౌవనునికి ఇదంతయు చెప్పితిని. తన తల్లి గుంటూరు వైపు మిరపకాయల కోతకు వెళ్లినదనియు, ఆమె యొద్ద ఫోను లేదనియు అతడు చెప్పెను. ఏ ఊరో తెలుసునా అని అడిగితిని. కొంతసేపు నేలవైపు చూచి, ముఠా మేస్త్రీని అడిగి కనుగొందునని వెళ్లెను.