ఇద్దఱు జూదరుల తల్లి

రాజకీయ పక్షములను గూర్చి సంభాషించునప్పుడు మనవారు 'ముఠా' యను మాటను వాడని దినము లేదు. వింత యేమన, ఆ మాటను తమకు వర్తింపజేసికొనినవారిని మేము ఇంతవఱకు చూడలేదు. మేము చేరినది సిద్ధాంతము. ఎదుటివారు చేరినది ముఠా. మా నాయకుని వెంట నడచుట భక్తి. వారి నాయకుని వెంట నడచుట బానిసతనము. ఒకే జెండా క్రింద నిలిచి, ఒకే తీర్మానమునకు చేయెత్తినవారు సయితము మఱునాడు ఒకరినొకరు ఇట్లు దూఱుకొనుచుందురు. కావున నేడు మేము చదువరుల ముందుంచదలచిన ప్రశ్న యిది: ఒక పక్షములో రెండు వర్గములు పుట్టినప్పుడు నాయకుని ధర్మ మేమి? ఓడిన వర్గముపట్ల గెలిచిన వర్గమునకు గల ఋణ మేమి? ఇది రాజకీయప్రశ్నవలె కనబడునుగాని, దీని వేళ్లు నీతిశాస్త్రములో నున్నవి.

ముందుగా ఒక భ్రమను తొలగించుకొందము. భేదాభిప్రాయము పాపము కాదు. 'పక్ష'మనగా ఱెక్కయనియు అర్థము. ఒంటిఱెక్కతో ఎగిరిన పక్షి లేదు. 1770లో ఇంగ్లండున ఎడ్మండ్ బర్కు రాజకీయపక్షమును సమర్థించుచు, ఒక సిద్ధాంతమునందు ఏకీభవించి దేశహితమునకై కలసి పాటుపడువారి సమూహమని దానిని నిర్వచించెను. 1787లో అమెరికాయందు జేమ్స్ మాడిసన్, ఆవేశమునకో స్వలాభమునకో లోబడి యితరుల హక్కులకుగాని సంఘక్షేమమునకుగాని విరుద్ధముగ కూడినవారిని ముఠాయనెను. ముఠాలను మొదలంట నశింపజేయ నెంచినచో స్వాతంత్ర్యమునే నశింపజేయవలసి వచ్చుననియు, అట్టి మందు రోగముకంటె చెడ్డదనియు ఆయనయే హెచ్చరించెను. ఈ రెండు నిర్వచనములును పుస్తకములో ఎంత వేఱుగ నున్నను, సభలో కూర్చుండిన మనుష్యునిలో కలసియే యుండును. ఉదయము సిద్ధాంతమునకై లేచి మాటాడినవాడే సాయంకాలము పదవికై తలుపులు తట్టును. రెండింటను అతడు కొంత నిజాయితీపరుడే. ఎవనిలో సిద్ధాంత మెంత, స్వార్థ మెంత యని తూచు త్రాసు మనచేత లేదు. అయితే వేఱొక పరీక్ష కలదు. దానిని మేము మహాభారతమున కనుగొంటిమి.

శాంతిపర్వమందు భీష్ముడు ధర్మరాజునకు రాజధర్మములు చెప్పుచు, కృష్ణునకును నారదునకును జరిగిన యొక సంవాదమును వినిపించును. భగవద్గీతను చెప్పిన కృష్ణునే యెఱిగినవారికి ఈ కృష్ణుడు క్రొత్తగా తోచును. అంధకులు, వృష్ణులు మొదలగు యాదవకులములవారు సంఘముగ కూడియుండిరి. కృష్ణుడు ఆ సంఘమునకు ముఖ్యుడు. ఆయన నారదునితో తన గోడు చెప్పుకొనుచున్నాడు. పేరునకు ప్రభుత్వము, పనికి జ్ఞాతుల దాస్యము. భోగములో తనకు దక్కునది సగమే. వారి పరుషవాక్యములను మాత్రము ఓర్చుకొనవలెను. నిప్పుకై అరణిని మథించినట్లు ఆ మాటలు తన హృదయమును మథించుచున్నవి. అన్న బలరామునకు తన బలమే లోకము. తమ్ముడు గదునకు తన సౌకుమార్యమే లోకము. కుమారుడు ప్రద్యుమ్నునకు తన రూపమే లోకము. ఇందఱుండియు తాను అసహాయుడు. ఆహుకుడును అక్రూరుడును రెండు వర్గములకు పెద్దలు. వారు తనవైపున నున్నను దుఃఖమే, లేకున్నను దుఃఖమే. తుదకు ఆయన యొక పోలిక చెప్పును: ఇద్దఱు కొడుకులు ఒకనితో నొకడు జూదమాడుచుండగా చూచు తల్లివలె నున్నాను, ఒకని గెలుపు కోరుదును, రెండవవాని ఓటమిని కోరజాలను.

నారదుని ప్రత్యుత్తరము శ్రద్ధగా వినదగినది. ఆపదలు రెండు విధములు, వెలుపలివి, లోపలివి. నీది లోపలిది, మీరు మీ చేతులార తెచ్చుకొన్నది అని ఆయన మొగమాటము లేక చెప్పెను. దానికి ఇనుముతో చేయని ఆయుధము నొకదానిని ఉపదేశించెను. శక్తికొలది అన్నము పెట్టుట, ఓర్పు, ఋజుత్వము, మృదుత్వము, తగినవారిని తగినట్లు గౌరవించుట, ఇదియే ఆ యాయుధము. చదునైన నేలమీద బరువును ఏ యెద్దైనను లాగును. మిట్టపల్లములలో లాగగలది మేలుజాతి యెద్దొక్కటియే యని కూడ చెప్పెను. భేదమువలన సంఘములు నశించును గనుక, సంఘముఖ్యుడవైన నీవలన ఇది నశింపకుండునట్లు చూచుకొమ్మని ముగించెను.

కృష్ణుని పోలికలో ఒక చిక్కు కలదు. జూదమున ఒకని గెలుపే రెండవవాని ఓటమి. ఒకటి కోరి రెండవది కోరకుండుట అసాధ్యమని తార్కికుడు నవ్వవచ్చును. మేమును చాలకాలము అట్లే తలచితిమి. కాని తల్లి తర్కము తెలియనిది కాదు. ఆట ముగిసినపిమ్మట ఇద్దఱు కొడుకులును తన యింటనే భోజనము చేయవలెనని ఆమె కోరిక. వీగిపోయినది పందెము, కొడుకు కాదు. అట్లే సభలో వీగిపోవునది మాట. మాటను తెచ్చిన మనుష్యుడు వీగిపోనక్కఱలేదు. ఈ రెంటిని వేఱుచేసి చూడగలవాడే నాయకుడు. చూడ నేరనివాడు గెలిచిన జూదరి మాత్రమే. కావున మేము చెప్పిన పరీక్ష యిది: ఓడినవానికి మఱునాడు ఆ యింటిలో చోటున్నదా?

ఈ పరీక్షను మన దేశచరిత్రకు పెట్టి చూతము. 1939 జనవరిలో కాంగ్రెసు అధ్యక్షపదవికై సుభాష్ చంద్ర బోసును, ఆంధ్రుడైన పట్టాభి సీతారామయ్యయు పోటీ చేసిరి. రెండువందలకు మించిన ఆధిక్యముతో బోసు గెలిచెను. ఈ ఓటమి పట్టాభికంటె తనదే యని గాంధీ ప్రకటించెను. ఫిబ్రవరిలో కార్యనిర్వాహకవర్గమున 12 మంది రాజీనామా లిచ్చిరి. మార్చిలో త్రిపురి సభ, గాంధీ యభిమతము ననుసరించి క్రొత్తవర్గమును నియమింపవలసినదని అధ్యక్షుని కోరెను. ఏప్రిలులో బోసు పదవి వీడెను. మేలో ఫార్వర్డ్ బ్లాకును స్థాపించెను. ఇందు విధానభేదము నిజమైనదే. ఎవరి విధానము సరియైనదో మేమిక్కడ తీర్పు చెప్పము. కాని ఓడినవారు ఓటమిని ఓటమిగా స్వీకరింపలేదు. గెలిచినవాడు పనిచేయుటకు చోటు మిగులలేదు. బోసు కూడ, ఎన్నికకు ముందే, సహచరులలో కొందఱు ఫెడరేషను విషయమున ఆంగ్లేయులతో రాజీపడుదురేమోయని బాహాటముగ శంకించి వారి మనస్సులను నొప్పించియుండెను. పరుషవాక్యము ముందు, తీర్మానము వెనుక! అరణిని ఇరువైపులవారును మథించిరి.

ఆంధ్రదేశమున జరిగినది మనకు మఱింత దగ్గఱ. 1946లో మదరాసు రాష్ట్రమునకు ప్రధానియైన టంగుటూరి ప్రకాశము 1947 మార్చిలో తన పక్షపు శాసనసభ్యుల అవిశ్వాసముచేతనే పదవి వీడెను. 1951లో ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షపదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డి ఆచార్య రంగాపై గెలిచెను. ఆ యేడే రంగా కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించెను. ప్రకాశమును కాంగ్రెసును వీడి కిసాన్ మజ్దూర్ ప్రజాపక్షమున చేరెను. 1952 ఎన్నికలలో మదరాసు శాసనసభయందలి 375 స్థానములలో కాంగ్రెసునకు 152 మాత్రమే దక్కెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు ముఖ్యమంత్రి ఎవరు? కాంగ్రెసు మద్దతుతో ప్రకాశమే. ఉపముఖ్యమంత్రి సంజీవరెడ్డి. 1954 నవంబరులో ఆ ప్రభుత్వము ఒక్క వోటుతో పడిపోయెను. 1955 ఎన్నికలలో కాంగ్రెసును, రంగా పక్షమును, ప్రజాపక్షమును ఐక్యముగ నిలిచి 196 స్థానములలో 146 గెలుచుకొనెను. 1951లో ఒక యింటిలో ఇమడలేకపోయినవారు నాలుగేండ్లకు ఒకే వేదికపై నిలువగలిగిరి. అప్పు డిమిడిన చోటు ముందు లేకపోవుటకు కారణ మేమి? కమ్యూనిస్టుల బలము పెరుగుట చూచి కలసిరని చెప్పుదురు. వెలుపలి భయము మనుష్యులను ఒకచోట చేర్చగలదు. కాని నారదుడు చెప్పినది లోపలి యాపద. దానికి భయము మందు కాదు.

చరిత్ర ఇంకొక పాఠము కూడ నేర్పెను. 1951లో గెలిచిన సంజీవరెడ్డియే 1969లో రాష్ట్రపతిపదవికి కాంగ్రెసు అధికారాభ్యర్థిగ నిలిచి, తన పక్షపు ప్రధానమంత్రి యిందిరాగాంధీ అంతరాత్మప్రబోధము ననుసరించి వోటు వేయుడనగా, వి.వి. గిరి చేతిలో ఓడెను. ఆ సంవత్సరము నవంబరునకు కాంగ్రెసు రెండయ్యెను. 1977లో సంజీవరెడ్డి అదే పదవికి పోటీ లేకుండ ఎన్నికయ్యెను. అంతరాత్మ గొప్ప మాట. దానిని మేము ఎగతాళి చేయము. కాని పక్షమునకు విరుద్ధముగ అంతరాత్మను పిలుచు నాయకుడు, తన క్రిందివారి అంతరాత్మ తనకు విరుద్ధముగ పలికిన నాడు కూడ దానికి చెవియొగ్గవలెను. ఓడిననాడు ఏ న్యాయము కోరుదుమో, గెలిచిననాడు అదే న్యాయము చేయుట. ఇంతకంటె రాజనీతిలో కఠినమైన పాఠము లేదు.

పెద్దలను విమర్శించుట సులభము. మా తప్పు కూడ ఒకటి చెప్పుట న్యాయము. పండ్రెండేండ్ల క్రిందట మేమొక చిన్న పఠనమందిరపు సంఘములో సభ్యులము. సాయంకాలము రెండు గంటలు ఆడుపిల్లలు చదువుకొనుటకు ప్రత్యేకింపవలెనని మా వర్గము. పని ముగించుకొని వచ్చు కూలివారికి ఆ గంటలే దిక్కని రెండవ వర్గము. 11 వోట్లకు 8 వోట్లతో మేము గెలిచితిమి. అంతటితో ఊరకుండక, క్రొత్త పనికి క్రొత్తవారు కావలెనని చెప్పి, అనేకసంవత్సరములుగ లెక్కలు వ్రాయుచుండిన వృద్ధుని పేరు కార్యవర్గమునుండి తీసివేసితిమి. ఆయన రెండవ వర్గమువాడగుట తప్ప వేఱు కారణము లేదు. ప్రతిదినము తలుపు తెఱచి పత్రికలు సర్దుచుండిన ఆయన మఱునాటినుండి రాలేదు. తాళపుచెవికై మేము ఇంటికి వెళ్లగా, దానిని లెక్కల పుస్తకముతో కూడ గుడ్డలో కట్టి సిద్ధముగ నుంచెను. లెక్కలో ఒక్క పైస తేడా లేదు. ఆయన అనిన మాట యిది: "మాష్టారూ, నా మాట ఓడిపోయినందుకు నాకు బాధ లేదండీ. మాటతోపాటు నన్నుకూడా ఓడగొట్టారు. ఉంచివుంటే, కూలివాళ్ల కోసం రాత్రి ఎనిమిదింటికి నేనే వచ్చి తలుపు తీసేవాణ్ణి." ఆడుపిల్లల విషయమున మా పక్షము న్యాయమైనదని నేటికిని నమ్ముచున్నాము. కాని కూలివారు తరువాత రాలేదు. రెండు కోరికలును తీరు మార్గము ఆయనయొద్ద నుండెను. ఆయనను పంపివేసి మార్గమును కూడ పంపివేసితిమి.

ఓడినవారికెల్ల చోటిచ్చుచు పోయినచో సిద్ధాంత మేమగునని ఆక్షేపింపవచ్చును. చోటిచ్చుటయనగా లొంగుట కాదు. గెలిచిన తీర్మానము అమలుకావలసినదే. సంఘధనమును అపహరించినవానిని, చేయిచేసికొన్నవానిని క్షమింపుమని నారదుడు చెప్పలేదు. తగినవారిని తగినట్లు అనియే చెప్పెను. అన్యాయమును శిక్షించుట వేఱు, అసమ్మతిని శిక్షించుట వేఱు. ఇందు ఓడినవారికిని ఒక ధర్మము కలదు: ఓటమిని సభలోనే విడిచిపెట్టి రావలెను, దానిని ఇంటికి తీసికొనిపోయి పెంచరాదు.

చట్టము ఈ పనిని చేయజాలదు. 1985లో 52వ రాజ్యాంగసవరణ పదవ షెడ్యూలును చేర్చి, పక్షమును వీడు శాసనసభ్యుని సభ్యత్వము పోవునట్లు చేసెను. మొదట, మూడవవంతు సభ్యులు కలసి చీలినచో మినహాయింపుండెను. 2003లో 91వ సవరణ దానిని తొలగించెను. సభ్యుని వోటును చట్టము కట్టివేయగలదు, మనస్సును కట్టివేయలేదు. తలుపునకు గడియ వేసినంతమాత్రమున ఇల్లు కాపురమునకు తగినది కాదు. పక్షమునకు లోపల కాలము తప్పక ఎన్నికలు జరుగుట, రహస్యముగ వోటు వేయనిచ్చుట, అసమ్మతిని పుస్తకములో వ్రాయనిచ్చుట, ఓడినవారిలో సమర్థులను పనిలో ఉంచుకొనుట, ఇవి అన్నము పెట్టుటవంటివి. చిన్న పనులే, కాని సంఘములు బ్రతుకునది వీనివలననే.

ఇంతచేసినను సంఘము నిలుచునా? భారతము మనకు అభయ మీయదు. కురుక్షేత్రమున సాత్యకి పాండవులవైపునను, కృతవర్మ దుర్యోధనునివైపునను పోరిరి. యుద్ధము ముగిసినపిమ్మట ఇద్దఱును ద్వారకకు వచ్చి ఒకే సంఘములో మెలగిరి. ముప్పదియాఱవ యేట ప్రభాసతీర్థమున, మద్యము సేవించి, నిద్రించువారిని చంపినవాడవని సాత్యకి కృతవర్మను ఎత్తిపొడిచెను. చేయి తెగి ప్రాయోపవేశమున నున్న భూరిశ్రవసుని చంపినవాడవు నీవని కృతవర్మ బదులు చెప్పెను. అక్కడనుండి యాదవకులము తన్ను తానే కోసికొనెను. శాపములు కారణమని కథ చెప్పుచున్నది. అయినను శాపమునకు దారి యిచ్చినవి ముప్పదియాఱేండ్లు మానని రెండు మాటలు. కృష్ణునివంటి ముఖ్యుడుండియు ఆపలేకపోయెను. కావున భారమంతయు నాయకునిమీదనే త్రోసి మనము తప్పుకొనజాలము. ముఠాను కట్టువాడు నాయకు డొక్కడే కాదు. అతని వాకిట నిలిచి, ఎదుటివానిమీద చాడీలు మోసి, గెలుపు నాడు ఓడినవానిని చూచి నవ్వు మనమందఱము దానిలో ఇటుకలమే.

మన గ్రామసంఘములలో, సహకారసంఘములలో, పాఠశాలాసంఘములలో, మన యిండ్లలో కూడ, వోట్ల లెక్క ఎప్పుడో యొకప్పుడు ముగియుచునే యుండును. అప్పుడు గెలిచినవాని మెడలో దండ పడకముందు, ఓడినవాడు ఎక్కడ కూర్చున్నాడో ఒక్కసారి చూతము. అతని ప్రక్కన చోటు ఖాళీగ నున్నచో, పోయి అక్కడ కూర్చుందము.