కోట ద్వారం ఇచ్చే సాక్ష్యం

రెండు మతాల శిల్పరీతులు ఒకేచోట కనిపించగానే దానిని సామరస్యానికి సాక్ష్యంగా ఎంచడం మన విమర్శకులకు అలవాటు. ఈ తీర్పులో ఔదార్యం ఉంది. న్యాయం ఉన్నదా?

కడప జిల్లా గండికోటను తీసుకుందాం. ఎర్రమల కొండలను పెన్న కోసుకుపోయిన గండి అంచున ఉన్నదది. ఇనుప ముళ్ళు దిగిన తలుపుల ద్వారం దాటితే లోపల మాధవరాయాలయం, కొంత దూరాన జామియా మసీదు. నా విద్యార్థులలో కొందరు దీనిని సఖ్యతకు చిహ్నమంటారు. కొందరు పరాజయానికి గుర్తంటారు. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా జయించిన మాట నిజమే. అయితే ఆ నిజంతో వాదం ముగియదు.

రీతుల కలయిక నీతికి హామీ కాదనడానికి సిసిలీలోని పలెర్మో నగరద్వారం, పోర్టా నువోవా, ఉదాహరణ. చక్రవర్తి ఐదవ చార్లెస్ 1535లో ట్యునిస్‌ను జయించి ఆ ఊరు ప్రవేశించినందుకు గుర్తుగా 1583లో దానిని కట్టారు. 1667లో పేలుడుకు కూలితే 1669లో మళ్ళీ నిలిపారు. మూరుల పోకడ, ఐరోపా పునర్వికాస రీతి అందులో కలిశాయంటారు. కాని ఆ ద్వారాన్ని మోస్తున్నట్లు చెక్కిన విగ్రహాలు ఎవరివి? ఓడిన మూరులవి, వారిలో కొందరికి చేతులే లేవు. ఓడినవాడి కళను స్వీకరించి, ఓడినవాడిని మాత్రం అవమానించవచ్చునన్నమాట!

కాబట్టి శిల్పాన్ని మెచ్చుకుందాం, కాని ఆ మెప్పును విజేతకు యోగ్యతాపత్రంగా ఇవ్వవద్దు. రాజు చేసినది యుద్ధం. రాయిని మలచినది కూలివాడి ఉలి. గుడికైనా మసీదుకైనా రాళ్ళెత్తినవారి పేర్లు మనకు మిగలలేదు. ఆ శ్రమఫలం అన్ని మతాల పేదలకూ చెందిన ఆస్తి.

మరొక మాట కూడా చెప్పక తప్పదు. మీర్ జుమ్లా దండయాత్రకు నేటి జమ్మలమడుగు ముస్లిం రైతును జవాబు అడగడం అన్యాయం. అట్లాగే కోటలో మసీదు ఉన్నది గనుక ఆనాడు అంతా ప్రేమగా బతికారనడం అసత్యం. మొదటిది పొరుగువాడిని బలిచేస్తుంది. రెండవది చచ్చినవారిని మరపిస్తుంది.

సామరస్యం రాళ్ళలో దొరికే వారసత్వం కాదు. దానిని బతికున్న మనుషులు, సమాన హక్కుల మీద, నేడు కట్టుకోవలసి ఉంది.