నలుగురిలో చేసిన తప్పు

క్రికెట్ ఆటగాళ్ల సంగతి మన సంఘ పత్రికలో ఎందుకని పెద్దలు కొందరు అడుగవచ్చును. టేకులపల్లి చుట్టుపట్ల ఇప్పుడు ఏ గూడెమునకు పోయినను, ఏ తండాకు పోయినను, సాయంకాలమైతే వాలీబాల్ వల కట్టియుండును. లేనియెడల కోత కోసిన మడిలో పిల్లలు క్రికెట్ ఆడుచుందురు. వారి చేతులలో ఫోనులున్నవి. దేశదేశముల ఆటగాళ్ల గెలుపోటములు, వారి అపకీర్తులు, ఆ పిమ్మట విలేఖరుల యెదుట వారు కార్చిన కన్నీరు, అన్నియు మన పిల్లలు చూచుచున్నారు. తప్పుచేసి పట్టుబడిన మనుష్యుడు ఏమి చేయవలెనను ప్రశ్నకు సండే స్కూలుకంటె ముందుగా ఆ ఫోనే వారికి జవాబు చెప్పుచున్నది. ఆ జవాబు ఎటువంటిదో చూచుట మన పనియే.

మన హైదరాబాదు జట్టుకు నాయకుడుగా నుండిన డేవిడ్ వార్నరును ఎరుగని కుర్రవాడు ఈ ప్రాంతములో లేడు. 2016లో సన్‌రైజర్స్ జట్టును గెలిపించినవాడు ఇతడే. 2018 మార్చి 24న దక్షిణ ఆఫ్రికాలోని కేప్‌టౌనులో ఆస్ట్రేలియావారు ఆడుచుండగా, కామెరన్ బాన్‌క్రాఫ్ట్ అను యువకుడు జేబులోనుండి ఏదో తీసి బంతిని రుద్దుట కెమెరాలకు చిక్కినది. బంతి ఒక ప్రక్క గరుకుగాను, మరియొక ప్రక్క నున్నగాను ఉన్నయెడల గాలిలో వంకర తిరుగును, కొట్టువానికి అందదు. ఆ సాయంత్రము నాయకుడు స్టీవ్ స్మిత్, బాన్‌క్రాఫ్ట్ విలేఖరుల యెదుట కూర్చుండి తప్పు ఒప్పుకొనిరి. అయితే ఆ ఒప్పుకోలులోనే ఒక అబద్ధమున్నది. మట్టి అంటుకొనిన జిగురు పట్టీతో రుద్దితిమని చెప్పిరి. అది వడ్రంగులు వాడు ఉప్పుకాగితమని తరువాత తేలినది. ఆలోచన వార్నరుదనియు, ఆ చిన్నవానికి ఎట్లు చేయవలెనో చూపినది అతడే ననియు ఆ దేశపు క్రికెట్ అధికారులు నిర్ణయించిరి. స్మిత్, వార్నరులకు ఏడాది, బాన్‌క్రాఫ్టునకు తొమ్మిది నెలలు ఆట నిషేధింపబడినది. మార్చి 28న వార్నరు హైదరాబాదు నాయకత్వము విడిచిపెట్టెను. ఆ యేడు ఐపీఎల్ ఆడుటకే అతనికి అనుమతి లేకపోయెను.

ఆ పిమ్మట వారు ముగ్గురును స్వదేశమునకు పోయి విలేఖరుల యెదుట నిలిచిరి. స్మిత్ భుజము మీద అతని తండ్రి చేయి వేసి నిలువబడగా, అతడు వెక్కి వెక్కి యేడ్చెను. వార్నరు మార్చి 31న కన్నీటితో క్షమాపణ చెప్పెను. కాని ఇదివరకు ఎన్నడైన ఇట్లు చేసితిరా, ఇంకను ఎవరికి తెలియునని అడిగినప్పుడు సూటిగా జవాబియ్యలేదు. ఆ కన్నీరు నిజమైనదా కాదా అను తగవులోనికి మేము పోము. మనుష్యుని హృదయము మనకు కనబడదు. మేము అడుగునది వేరు. ఆ క్షమాపణ ఎవరికి చెందవలెను?

అభిమానులకు, దేశమునకు, ఆటకు చెందవలెనని పత్రికలు వ్రాసినవి. అదియు కొంత నిజమే. ఆట చూచుటకు డబ్బిచ్చి వచ్చినవానిని మోసపుచ్చుట తప్పే. అయితే ఆ దినమున అందరికంటె ఎక్కువగా నష్టపడినది ఎవరు? ఎదిరి జట్టు మొదటిది. రెండవవాడు ఆ బాన్‌క్రాఫ్ట్. చేయి అతనిదే, దోషము అతనిదే, కాదనము. కాని జట్టులో క్రొత్తగా చేరినవాడు పెద్దవారు చెప్పినదానిని కాదనగలడా? మన పొలములలో క్రొత్తగా కూలికి వచ్చిన పిల్లవాడు మేస్త్రీ మాట కాదనగలడా? చిన్నవారిలో ఒకనిని తొట్రుపడజేసినవాని మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రములో పడవేయుట మేలని ప్రభువు చెప్పిన మాట మనకు తెలియును. ఆ మాట చెప్పినప్పుడు ఆయన జనసమూహముల పరువును గూర్చి కాదు, ఆ ఒక్క చిన్నవానిని గూర్చియే మాటలాడెను.

ఇదే కేప్‌టౌనులో, అంతకు పదునెనిమిదేండ్ల క్రిందట, ఇంకను పెద్ద విచారణ జరిగినది. హాన్సీ క్రోన్యే దక్షిణ ఆఫ్రికా జట్టు నాయకుడు, పేరుపొందిన క్రైస్తవ విశ్వాసి. 2000 ఏప్రిల్ 7న ఢిల్లీ పోలీసులు అతనిపై పందెములవారితో లాలూచీపడెనని నేరము మోపిరి. అతడు మొదట ససేమిరా కాదనెను. నాలుగు దినములు గడువక ముందే, తెల్లవారుజామున మూడు గంటలవేళ, తన దేశపు క్రికెట్ అధికారి ఆలీ బాకరునకు ఫోనుచేసి, తాను పూర్తిగా నిజము చెప్పలేదని ఒప్పుకొనెను. అప్పుడైనను కొంచెము సొమ్మే పుచ్చుకొంటిననెను. జూన్ నెలలో న్యాయమూర్తి కింగ్ విచారణ సంఘము యెదుట ఆ సొమ్ము పెరిగినది. కంతుల మీద తీర్చిన అప్పువలె అతని ఒప్పుకోలు వచ్చినది.

అతని మాటలలో మమ్మును నిలిపివేసినది ఒకటున్నది. సాతానుకును లోకమునకును తనపై పెత్తనమిచ్చితినని అతడు చెప్పెను. విశ్వాసులకు ఈ మాట ఎంత తేలికగా నోట వచ్చునో మాకు తెలియును. సంఘపు పంచాయతీలలో ఇది ఎన్నిమారులో వినియున్నాము. సాతాను శోధించుట నిజమే. కాని ఆ మార్చిలో నాగపూరులో హర్షెల్ గిబ్స్, హెన్రీ విలియమ్స్ అను ఇద్దరిని పిలిచి, చెడుగా ఆడినయెడల తలకు పదిహేనువేల డాలర్లిచ్చెదనన్నది సాతాను కాదు, జట్టు నాయకుడు. వారిద్దరును ఆ దేశములో నల్లవారికిని తెల్లవారికిని నడుమనున్న కులమునకు చెందినవారు, తరతరములు అణగద్రొక్కబడిన ప్రజలు. నాయకుడు పిలిచి అడిగినప్పుడు ఒప్పుకొనిరి. ఆటలో మాత్రము గిబ్స్ ఆ బేరము మరచి చక్కగా ఆడెను, విలియమ్సునకు దెబ్బ తగిలి బంతి సరిగా వేయలేకపోయెను. ఒక్క పైసా ముట్టకయే ఇద్దరును ఆరేసి నెలలు శిక్ష అనుభవించిరి. క్రోన్యేను జీవితకాలము బహిష్కరించిరి. 2002 జూన్ 1న విమానము కొండను తాకి కూలగా అతడు మరణించెను, ముప్పది రెండేండ్లకే. గిబ్స్ తిరిగి ఎన్నో యేండ్లు ఆడెను. విలియమ్స్ పేరు ఎందరికి జ్ఞాపకము?

ఆ కేసులోనే మన హైదరాబాదువాడైన అజరుద్దీను పేరు వచ్చినది. 2000 డిసెంబరులో భారత క్రికెట్ బోర్డు అతనిని జీవితకాలము నిషేధించినది. అతడు న్యాయస్థానమునకు పోయెను. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధము చట్టమునకు నిలువదని తీర్పు చెప్పినది. ఈ మాట ఎందుకు చెప్పుచున్నామనగా, నింద పడిన ప్రతివాడును వెంటనే తలవంచి క్షమాపణ చెప్పవలెనని పత్రికలు తొందరపెట్టును. చేయని తప్పునకు క్షమాపణ చెప్పుట వినయము కాదు, అది మరియొక అబద్ధము. 2008లో సానియా మీర్జా పాదములు జాతీయ పతాకము దగ్గరగా నున్నట్లు కనబడిన ఒక్క ఛాయాచిత్రముపై ఎంత అల్లరి జరిగినదో! కెమెరా ఏ ప్రక్కనుండి తీసిరో అడిగినవారు తక్కువ. అట్టి వేళ నెమ్మదిగా నిజము చెప్పి ఊరకుండుట తప్పు కాదు.

మన తెలంగాణ బిడ్డ అగసర నందిని సంగతి ఇంకను దగ్గరిది. టీ కొట్టు పెట్టుకొని బ్రదుకు తండ్రి కుమార్తె, సర్కారు గురుకులములో చదివినది. 2023 అక్టోబరు 1న చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడలలో, ఏడు విధముల పరుగు, దుముకు, విసురుల పోటీలో 5712 పాయింట్లతో కాంస్య పతకము గెలిచినది. నాలుగు పాయింట్లు తక్కువై నాల్గవదిగా వచ్చినది కూడ మన దేశపు అమ్మాయియే, బెంగాలు రాష్ట్రపు స్వప్న బర్మన్. రిక్షా లాగిన తండ్రి కుమార్తె, 2018లో ఇదే పోటీలో బంగారు పతకము గెలిచినది. ఓటమి దుఃఖములో స్వప్న, నందిని స్త్రీత్వమునే శంకించు మాట లోకమంతటికి వ్రాసినది. తరువాత దానిని తీసివేసినది. నందిని, ఋజువు చూపుమని మాత్రము అడిగినది.

స్వప్నను నిందించుటకు ఈ సంగతి ఎత్తలేదు. నాలుగు పాయింట్లతో పతకము పోయిన పేదింటి బిడ్డ దుఃఖము మాకు అర్థమగును. కాలు జారినచో తీసికొనవచ్చును, నోరు జారినచో తీసికొనలేమని పెద్దలు ఊరకే అనలేదు. ఫోనులో వ్రాసినది చెరిపినంత మాత్రమున, చదివినవారి మనస్సులోనుండి అది చెరుగునా? మన పల్లెలలో ఒక న్యాయమున్నది: నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనుకకు తీసికొనవలెను. బావి దగ్గర ఒక ఆడపిల్లను అన్నవాడు చాటుగా ఆమె తండ్రికి దణ్ణము పెట్టిపోయిన చాలదు. అపవాదు ఎంత దూరము పోయినదో క్షమాపణ అంత దూరము నడువవలెను. అయితే మొదటి అడుగు ఆ యింటి గడపకే. బలిపీఠము దగ్గర అర్పణము విడిచి మొదట సహోదరుని యొద్దకు పొమ్మన్న మాటలో ఈ వరుసయే యున్నది.

కొన్ని తప్పులు ఇంటివారికే చెందినవి. 2010లో అమెరికా గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ తన కాపురములోని ద్రోహమును గూర్చి కెమెరాల యెదుట చాలసేపు చదివెను. భార్యకు చెప్పవలసినది లోకమునకేల? వినుటకు మనకేమి హక్కున్నది? మనము చెవులు నిక్కబొడుచుకొని వినుటయు ఒక పాపమే.

సౌలు సంగతి ఇక్కడ జ్ఞాపకము చేసికొందము. అమాలేకీయుల మంచి గొఱ్ఱెలను దాచుకొని, అవి అరచుచుండగనే, ఆజ్ఞ నెరవేర్చితినని సమూయేలుతో చెప్పెను. పట్టుబడినప్పుడు జనులు చేసిరనెను. మరల గద్దింపగా పాపము చేసితిననెను. కాని ఆ నోటితోనే, పెద్దల యెదుట నా పరువు నిలుపుమని ప్రవక్తను వేడుకొనెను. ఈనాడు పేరుగల ఆటగానికి క్షమాపణ వ్రాసి యిచ్చుటకు కూలికి మనుష్యులున్నారట. వారు వ్రాయునది చాలవరకు సౌలు ప్రార్థనయే. జక్కయ్య అట్లు చేయలేదు. అందరి యెదుట నిలిచి, ఎవరియొద్ద అన్యాయముగా తీసికొంటినో వారికి నాలుగంతలు మరల చెల్లింతుననెను. అతని క్షమాపణలో లెక్కయున్నది.

మన సంక్రాంతి పోటీలలో, వేరే ఊరి కుర్రవానిని మన ఊరివాడని పేరు మార్చి దింపు జట్టులున్నవి. పట్టుబడినప్పుడు జట్టు నాయకుడు మైకు పట్టుకొని, సభకు నమస్కారము, పొరపాటు జరిగినది, సారీ అనును. జనులు చప్పట్లు కొట్టుదురు. పేరు మార్చుకొని ఆడిన పిల్లవాడు మాత్రము తన ఊరిలో దొంగయను పేరు మోయుచుండును. అట్టి నాయకుడు మన సంఘ యువకుడైనయెడల పెద్దలు అతనికి చెప్పవలసినదిది. ముందుగా ఆ పిల్లవాని యింటికి పోయి, ఈ ఆలోచన నాది, నీ కుమారునిది కాదు అని తండ్రితో చెప్పిరావలెను. పిమ్మట ఓడిన జట్టు ఊరికి పోయి కప్పును, బహుమతి సొమ్మును వారి చేతిలో పెట్టవలెను. మైకు సంగతి ఆ తరువాత చూడవచ్చును.