కప్పు పడని కల్యాణ మండపం

పుత్తూరు పక్కనే ఉన్న నారాయణవనంలో, కల్యాణ వేంకటేశ్వరుని గుడికి వచ్చినవాళ్లకు ఒక పెద్ద రాతి తిరగలిని చూపిస్తారు. పద్మావతి పెళ్లికి పిండి విసిరింది దాంతోనేనని చెబుతారు. పద్మావతి తండ్రి ఆకాశరాజు మేడలు ఎలా ఉండేవో ఎవరికీ తెలియదు. అయినా ఆ పెళ్లి మీద నమ్మకం చెక్కుచెదరలేదు. ఇదే రాయలసీమలో లేపాక్షిది మరో తీరు. పదహారో శతాబ్దంలో శివపార్వతుల కల్యాణానికని అక్కడ మొదలుపెట్టిన మండపానికి కప్పు పడనే లేదు. ఇంద్రుడు, అగ్ని, వశిష్ఠుడు తదితర పెళ్లిపెద్దలు మాత్రం స్తంభాల మీద నిలువెత్తున, ఎండకూ వానకూ అలాగే నిలబడి ఉన్నారు. కట్టడం కావలసినది ఆరుబయలు శిల్పంగా మిగిలింది. అలా సగంలో ఆగిన చోటుకు పవిత్రత ఉంటుందా? తప్పక ఉంటుందని నా వాదన. మన ఆచారంలో దైవం ముందు దిగేది సంకల్పంలోకి. గోడలూ కప్పూ ఆ తర్వాతి సంగతి. గుడి పనులు జరిగేటప్పుడు బాలాలయం చేసి, దైవాన్ని తాత్కాలికంగా మరోచోట కొలవడం ఇందుకు సాక్ష్యం. 2018 ఆగస్టులో తిరుమల మహాసంప్రోక్షణలో స్వామి శక్తిని కుంభంలోకి ఆవాహన చేసి యాగశాలలోనే కొలిచారు.

లోపమున్న విగ్రహాన్ని పూజించరాదని శాస్త్రం చెబుతోంది కదా అనవచ్చు. నిజమే, కానీ ఆ నియమం గర్భగుడిలోని మూర్తికి. పెళ్లిపందిరికి దాన్ని అంటగట్టలేం. శ్రీరంగంలో శతాబ్దాల పాటు మొండిగా ఉన్న దక్షిణ గోపురాన్ని 1987లో పదమూడు అంతస్తులతో పూర్తిచేశారు, ఇక్కడెందుకు చేయకూడదన్నది ఇంకా బలమైన ప్రశ్న. గోపురం ఎలా లేవాలో చెప్పే శిల్పశాస్త్రం, కళ్లెదుటి నమూనాలు అక్కడ ఉన్నాయి. లేపాక్షి శిల్పులు తలచిన కప్పు ఎలాంటిదో మనకు తెలియదు. ఇప్పుడు వేస్తే అది మన ఊహే అవుతుంది, వాళ్ల స్తంభాలు దాన్ని మోయాల్సి వస్తుంది. ఖజానా సొమ్ము ఖర్చుచేశాడన్న నింద పడి, ఆ గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకు కొట్టాడన్న కథ చెప్పి, ఆ చోటు శాపగ్రస్తమనేవాళ్లూ ఉన్నారు. పని ఆగిన కారణం ఏదైనా, కప్పు వస్తుందో రాదో తెలియకముందే ఆ శిల్పులు ప్రతి ముఖాన్నీ శ్రద్ధగా తీర్చారు. ఆ శ్రద్ధను మించిన ప్రతిష్ఠ ఏముంది? లేపాక్షి వెళ్లినప్పుడు బసవన్ననూ వేలాడే స్తంభాన్నీ మాత్రమే చూసి తిరిగి రాకండి. గుడి వెనకవైపు ఆ మండపంలోకి పిల్లల్ని తీసుకెళ్లి, పెళ్లికొచ్చినవాళ్లను పేరుపేరునా చూపించండి.