మొక్కకు దేశం ఉంటుందా?

తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తికి దేశాల సరిహద్దులు గిట్టవు. పుట్టింది మదనపల్లెలోనే అయినా, తనను ఏ దేశానికీ కట్టేసుకోలేదు. జాతీయత మనుషుల్ని విడదీసి యుద్ధాల్లోకి దించుతుందని జీవితాంతం వాదించారు. ఆయన మదనపల్లె దగ్గర నెలకొల్పిన రిషివ్యాలీ బడి మాత్రం కరువు కొండల నడుమ పోయిన పచ్చదనాన్ని దశాబ్దాలుగా తిరిగి తెస్తోంది. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప కనిపించని పసుపుగొంతు పిగిలిపిట్ట అక్కడ ఉంది.

అలాంటి చోట పిల్లల చేతికి పార ఇచ్చి, మన మొక్కను నాటండి, పరాయి మొక్కను పీకండి అంటే? మనుషుల మధ్య వద్దన్న గీతను మొక్కల మధ్య గీసినట్టే కదా!

పుట్టిన చోటే లెక్కయితే ముందు బంతిని వెళ్లగొట్టాలి. అది మెక్సికో మొక్క. బంతిపూల తోరణం లేని దసరా ఏ గుమ్మానికి ఉంది? మిరప కూడా అమెరికా నుంచి వచ్చిందే. ఆ సాకుతో దాన్ని పీకమని గుంటూరులో అని చూడండి. పిల్లలతో పీకించే లాంటానా పొదదీ ఆ ఖండమే. 19వ శతాబ్దం తొలినాళ్లలో కలకత్తా తోటలోకి అందం కోసం తెచ్చారు. దాని పూల మీద సీతాకోకచిలుకలు వాలతాయి, పండ్లు పిగిలిపిట్టలు తింటాయి. పీకనని ఓ పిల్లవాడు మొరాయిస్తే తప్పుపట్టలేం.

అయితే వాడికి ఆకు తిప్పి చూపించాలి. సీతాకోకచిలుకకు తేనె ఎన్నో పువ్వుల్లో దొరుకుతుంది, గుడ్డు పెట్టడానికి మాత్రం తన జాతి ఆకే కావాలి. జిల్లేడాకు మేసే గొంగళిపురుగు లాంటానా మీద బతకదు. తంగేడాకు మేసేదీ అంతే. లాంటానా ఆకు పశువులకు విషం, కాబట్టి మేతకు తగ్గక పొదలై గడ్డిని కమ్మేస్తుంది. మనిషి సంబంధాల్లోనే బతుకుతాడని కృష్ణమూర్తి పదే పదే చెప్పారు. ఆ కొలతే మొక్కకూ పెడితే, ఎక్కడ పుట్టిందన్న దానికన్నా ఎవరెవరిని బతకనిస్తోందన్నది పెద్ద ప్రశ్న. బంతి ఆ పరీక్షలో గట్టెక్కుతుంది.

అంతటితో చిక్కు తీరదు. మహాభారతం శాంతిపర్వంలో భృగువు భరద్వాజుడితో చెట్లకు చూపు, వినికిడి ఉన్నాయని వాదిస్తాడు. అది నిజమైతే లాంటానాకూ నొప్పే. పొదలో గూడుందేమో చూసి, పక్కన రేగూ బలుసూ ఎదిగాక దాన్ని తీసే బడి ఆ వాదాన్ని కొంతైనా విన్నట్టు. ఒక్క శనివారంలో నేలంతా చదును చేసి ఫొటో దిగే బడికి అంత ఓపిక ఎక్కడిది?