విప్పి చూడక తీర్పు చెప్పకుము

ఒక వస్తువు పనికిరానిదని మనము ఎప్పుడు నిర్ణయింపవలెను? దానిని పారవేయుటకు మనకు ఎప్పుడు హక్కు కలుగును? ఇది చిన్న ప్రశ్నవలె కనబడును. అయినను మన యిండ్లలోను, పనులలోను, పొరుగువారితో మన వ్యవహారములలోను ప్రతిదినము మనము దీనికి ఏదో యొక జవాబు చెప్పుచునే యున్నాము. తరచుగా ఆ జవాబు తొందరపడి చెప్పుదుము. కొంత నెమ్మదిగా ఆలోచించుటకై ఒక సామాన్యమైన వస్తువును నీ యెదుట ఉంచుచున్నాను. అది ఆరుబయట వానలో తడిసిన ఒక పాత కారు ఇంజను.

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలములో ఇంద్రేశము అను ఊరు ఉన్నది. హైదరాబాదు నుండి పూనా వైపు పోవు జాతీయ రహదారి పటాన్‌చెరు మీదుగానే పోవును. 1970ల నుండి ఆ చుట్టుప్రక్కల కర్మాగారములు వృద్ధి పొందినవి. కర్మాగారములు, లారీలు, కార్లు ఉన్న చోట మరమ్మతు షెడ్లును, పాత ఇనుము కొట్లును ఉండుట సహజము. అట్టి ప్రాంతములో పని నేర్చుకొన్న యొక యువకుడు, తాను కూడబెట్టిన కొద్ది సొమ్ముతో ఒక మారుతి 800 ఇంజనును చవుకగా కొనెననుకొనుము. ఆ కారు 1983లో మన దేశమున బయటికి వచ్చి, 2014లో దాని తయారీ నిలిచిపోయినది. గనుక దాని ఇంజను కావలసినవాడు ఇప్పుడు పాతదానినే వెదకుకొనవలెను. ఇతడు కొన్నది రెండు వానకాలములు ఆరుబయట పడియున్నది. అది చవుక యెందుకైనది? లోపల ఏమున్నదో అమ్మినవానికి తెలియదు, కొన్నవానికిని తెలియదు. తెలియని దానికి వెల కట్టునది భయమే.

ఆరుబయట ఉంచిన ఇంజనుకు ఏమి జరుగును? 796 సి.సి. గల ఆ చిన్న ఇంజనులో మూడు సిలిండర్లు కలవు. ఇంజను ఆగిపోయినప్పుడు ఒక సిలిండరులో వాల్వు తెరచియుండవచ్చును, మరియొక దానిలో రెండు వాల్వులును మూసియుండవచ్చును. పైని గొట్టములు ఊడదీసి నోళ్లు మూయక విడిచిన యెడల, తెరచియున్న వాల్వు గుండా వాన నీరును తేమగాలియు లోపలికి పోవును. పగటి యెండకు లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోవును, రాత్రి చల్లబడినప్పుడు తేమగాలి మరల లోపలికి వచ్చి చెమ్మగా అంటుకొనును. ఇనుము త్రుప్పు పట్టినప్పుడు ఆ త్రుప్పు మొదటి ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచేత పిస్టన్ రింగులకును బోరు గోడకును నడుమ అది మేకువలె బిగిసికొనును. దీనినే మెకానిక్కులు ఇంజను పట్టేసినది అందురు.

ఇందులో మొదటి పాఠమును గమనింపుము. ఒక సిలిండరు పూర్తిగా చెడియుండగా దాని ప్రక్కది శుభ్రముగా నుండవచ్చును. చలిదేశములలో లోపలి నీరు గడ్డకట్టి ఇనుప బ్లాకే పగిలిపోవును, మన తెలంగాణ నేలపై ఆ భయము లేదు. కాని ఇచ్చట మట్టి పురుగులు నోళ్లలో గూళ్లు కట్టును, ఎలుకలు చెత్త చేర్చును, రబ్బరు సీళ్లు ఎండకు గట్టిపడి పగులును. ఇంజనును నేలపైనే పెట్టి పైన పట్టా గట్టిగా చుట్టినవాడు తాను దానిని కాపాడితినని తలంచును. నేలనుండి లేచు తేమ ఆ పట్టా క్రిందనే చిక్కుకొని త్రుప్పును పెంచును. చుట్టి దాచుట వేరు, పరామర్శించుట వేరు.

ఇప్పుడు ఆ యువకుని యెదుట రెండు శోధనలు కలవు. ఒకటి నిరాశ. అనగా పైని త్రుప్పును చూచి తుక్కు ధరకు తూచివేయుట. రెండవది మూఢమైన ఆశ. అనగా బ్యాటరీ తగిలించి స్టార్టరు నొక్కి చూతమనుట. ఈ రెండును వేర్వేరుగా కనబడినను వీటి మూలము ఒక్కటే: విప్పి చూచు శ్రమ తప్పించుకొనుట. రెండవది మొదటిదానికంటె ఎక్కువ హాని చేయును. సిలిండరులో నీరు నిలిచియున్న యెడల, గాలివలె నీరు అణగదు. పిస్టను పైకి పోవుటకు చోటు లేక, దానిని మోయు కనెక్టింగ్ రాడ్ వంగిపోవును. త్రుప్పు పట్టిన రింగును బలవంతముగా కదిపిన యెడల అది విరిగి బోరును గీచివేయును. రెండేండ్ల వాన చేయని నష్టమును మన తొందర ఒక్క నిమిషములో చేయగలదు.

మంచి పనివాడు చేయు విధము వేరు. మొదట అతడు ప్లగ్గులు విప్పును. ప్రతి సిలిండరులోను త్రుప్పును వదలించు నూనె పోసి, కొన్ని దినములు దానినట్లే విడిచిపెట్టును. పిమ్మట క్రాంకు బోల్టునకు పానా వేసి, చేతితోనే కొంచెము ముందుకు, కొంచెము వెనుకకు కదుపును. కదలనియెడల మరల నూనె పోసి ఆగును. అడుగున ఆయిల్ విడిచినప్పుడు మొదట ఏది వచ్చునో చూచును. నీరు ఆయిల్ కంటె బరువైనది గనుక అడుగున చేరియుండి అదియే ముందుగా కారును. నీరు కారిన యెడల బేరింగులను చూడక తప్పదు. ఇంజను తిరిగినను అతడు సంతోషించి ఊరకుండడు. హెడ్డు విప్పి బోరు గోడపై గోరు నడిపి చూచును. గోటికి తగులని మరకను పైపైని రుద్దుటతో పోగొట్టవచ్చును. గోరు చిక్కుకొను గుంట ఉన్న యెడల లేత్ వర్క్సుకు తీసికొనిపోయి బోరు పెద్దది చేయించి, ఆ మేరకు పెద్ద పిస్టన్లు వేయవలెను. టైమింగ్ బెల్టును, సీళ్లను, గాస్కెట్లను మార్చవలెను. ఇదంతయు లెక్కవేసిన పిమ్మట, నడుచుచున్న మరియొక పాత ఇంజను వెల కంటె ఖర్చు మించిన యెడల, ఆ పని ఆపివేయుటయే వివేకము. అప్పుడు క్రాంకు, హెడ్డు, స్టార్టరు వంటివి మరియొక బండికి ఉపయోగపడును, మిగిలినది కొలిమికి పోవును. అదియు వ్యర్థము కాదు. బాగుగా విప్పి చూచి వద్దన్నవానికిని, చూడకయే వద్దన్నవానికిని ఎంతో భేదము కలదు.

ఇంతటితో అతని బాధ్యత తీరినదా? ఇంజను బాగుపడినదనుకొందము. దానిని కొనుటకు ఒక టాక్సీ డ్రైవరు వచ్చును. అతని యింటివారి బ్రతుకు ఆ బండిమీదనే ఆధారపడియున్నది. త్రుప్పుపై నల్లరంగు పూసి, వానలో నానిన సంగతి చెప్పకుండిన యెడల ఎక్కువ వెల వచ్చును. కొనువాడే చూచుకొనవలెను గదా యని కొందరందురు. అయితే కొనువాడు బోరులోపలికి ఎట్లు చూడగలడు? విప్పినవాడే చూచెను, కొలిచినవాడే యెరుగును. నీకు మాత్రమే తెలిసిన సత్యము కొనువానికి నీవు ఋణపడియున్న సొమ్మువంటిది. ఏ సిలిండరు బోరు చేయించితివో, ఏ భాగము పాతదో వ్రాసి అతని చేతికిమ్ము. ఇంజను నంబరును చూపుము. ఆ నంబరు బండి రిజిస్ట్రేషను కాగితములో ఉండును గనుక, ఇంజను మార్చినవాడు ఆ మార్పును రవాణా కార్యాలయములో నమోదు చేయింపవలెను. నంబరు గీకివేసిన ఇంజను ఎంత చవుకైనను కొనకుము. అది ఎవని కన్నీటి వెలయో నీకు తెలియదు.

చదువరీ, నేను ఇనుమును గూర్చి మాత్రమే వ్రాయుటలేదని నీవు గ్రహించియుందువు. మన వీధులలో ఆరుబయట విడువబడిన మనుష్యులు కలరు. కర్మాగారములో చేయి పోగొట్టుకొని పనిలేక కూర్చున్నవాడు, త్రాగుడు వలన ఇల్లు పోగొట్టుకొన్నవాడు, చెరసాలనుండి తిరిగి వచ్చినవాడు, పరీక్ష తప్పి తండ్రి యెదుటికి రాలేని కుమారుడు. వీరిని చూచి మనమును ఆ రెండు తప్పులే చేయుదుము. పైని త్రుప్పును చూచి తీర్పు చెప్పుదుము. లేదా ఒక్క దినములో మారవలెనని నాలుగు గట్టి మాటలతో కొట్టుదుము, విరిగినప్పుడు వీడింతేయని చేతులు కడుగుకొందుము. ఒక పట్టా కప్పినట్లు కొంత సొమ్ము పంపి, సహాయము చేసితిమని తృప్తిపడుటయు కలదు. ఏ భాగము చెడినది, ఏది యింకను మంచిదని దగ్గర కూర్చుండి వినువారు కొద్దిమందియే.

అయితే ఈ పోలిక ఒక చోట ఆగిపోవునని తెలిసికొనుము. ఇంజను విషయములో లెక్క వేసి, ఖర్చు వెలను మించినప్పుడు ఆపివేయుట న్యాయమే. మనుష్యుని విషయములో ఆ త్రాసు మన చేతికి ఇయ్యబడలేదు. మన శక్తికి హద్దు ఉండవచ్చును. ఒక్కడే అన్ని భారములను మోయలేడు, అలసినప్పుడు ఇతరుల సహాయము కోరుట తప్పు కాదు. అయినను నా చేత కాలేదనుట వేరు, వాడు పనికిరానివాడనుట వేరు. మొదటి మాట మన బలహీనతను గూర్చిన సత్యము. రెండవది మనము చెప్పుటకు హక్కులేని తీర్పు.

కాబట్టి ఈ వారము నీ యింటి వెనుకనైనను, నీ మనస్సు వెనుకనైనను ఆరుబయట ఉంచిన ఒకనిని జ్ఞాపకము చేసికొనుము. వాని యొద్దకు సుత్తితో పోవద్దు, లెక్కల పుస్తకముతోను పోవద్దు. కొంత తీరిక తీసికొని పొమ్ము. మొదటి దినమున ఏమియు కదలకపోయినను విసుగుకొనకుము, మరల పొమ్ము.