‘ఇవ్వను’ అనే మాటకి చోటు

అనుమతి అనే మాట మనకి కొత్తది కాదు. చదువుకోడానికి, ఉద్యోగానికి, పుట్టింటికి వెళ్లడానికి స్త్రీలు దాన్ని అడుగుతూనే వచ్చారు. ఇచ్చేవాళ్లు వేరే. మరి స్త్రీయే ఇచ్చే చోట నిలబడితే? ఆమె ‘సరే’ అన్నంత మాత్రాన అది అనుమతి అయినట్టేనా? ఈ ప్రశ్న నాకు ఈసారి కథల్లోంచి కాదు, ఒక సాఫ్ట్‌వేర్ పనిలోంచి ఎదురైంది.

ఆథరైజేషన్ సర్వర్ అంటే అనుమతుల వ్యవహారం చూసే సాఫ్ట్‌వేర్. ఒకప్పుడు ఒక వెబ్‌సైట్‌లో ఉన్న మన ఫొటోలు మరో సైట్ తీసుకుని అచ్చువేయాలంటే దానికి మన పాస్‌వర్డే ఇచ్చేయాల్సి వచ్చేది. ఒక గదిలో పనికి ఇంటి తాళాలగుత్తి మొత్తం అప్పగించినట్టు. 2012 అక్టోబరులో వెలువడిన ఓఆథ్ 2.0 ప్రమాణం ప్రకారం పాస్‌వర్డ్ మన దగ్గరే ఉంటుంది. ఏవి చూడొచ్చు, ఎంతకాలం చూడొచ్చు అనే హద్దులతో సర్వర్ ఒక టోకెన్ ఇస్తుంది. ఆ టోకెన్‌ని రద్దు చేసే పద్ధతిని 2013లో మరో ప్రమాణం చెప్పింది. పరిధి, గడువు, వెనక్కి తీసుకునే వీలు. ఈ మూడూ ఉన్న అనుమతి మన కాపురాల్లో ఎంతమందికి అనుభవంలో ఉంది?

2014లో మొదలైన కీక్లోక్ లాంటి సర్వర్ల కోడ్ బహిరంగంగా ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, మార్పులు ప్రతిపాదించొచ్చు. సాహిత్యంలో పరిశోధన చేసిన నేను అలాంటి ఒక ప్రాజెక్టుకి తెలుగు వాక్యాలు రాస్తున్నాను. సమ్మతి అడిగే తెర దగ్గర చాలా రోజులు ఆగాను. ఇంగ్లీషులో ఉన్న ‘గ్రాంట్’కి మనవాళ్లు వాడే మాట ‘మంజూరు’. అది ఆఫీసు మాట. పెన్షనో లోనో మంజూరవుతుంది, పైనుంచి కిందికి వస్తుంది. ఇక బటన్ల మీద ‘అవును’, ‘కాదు’ అని రాస్తే ఎవరో అన్నదానికి తల ఊపినట్టుంటుంది. తెలుగు క్రియాపదంలోనే ‘నేను’ ఉంది కదా! అందుకే ‘ఇస్తాను’, ‘ఇవ్వను’ అని ప్రతిపాదించాను. రెండు బటన్లూ ఒకే సైజులో, ఒకే రంగులో ఉండాలని కూడా రాశాను.

ఓఆథ్‌లో నిరాకరణ కూడా చెల్లే జవాబే. ‘ఇవ్వను’ అంటే ఆ సంగతి అడిగిన సైట్‌కి చేరుతుంది. తర్వాత ఆ సైట్ ఆమెతో ఎలా వ్యవహరిస్తుందన్నది మాత్రం ప్రమాణంలో లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

సవర, జాతాపు స్త్రీల పాటల మీద పనిచేస్తూ నేనిప్పుడు గుమ్మలక్ష్మీపురంలో ఉంటున్నాను. ఇక్కడ రేషన్ బియ్యానికి మిషన్ మీద వేలు పెట్టాలి. ఆ ఏర్పాటు వేరు, అది ఓఆథ్ కాదు. ప్రశ్న మాత్రం అదే. 2016 నాటి ఆధార్ చట్టం 8వ సెక్షన్ ధ్రువీకరణకి ముందు మనిషి సమ్మతి తీసుకోమంటుంది. 7వ సెక్షన్ ఆ ధ్రువీకరణనే సంక్షేమ పథకాలకి షరతుగా పెట్టే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంది. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 7వ సెక్షన్‌ని సమర్థించింది. ‘ఇవ్వను’ అంటే బియ్యానికే ఎసరు వచ్చే చోట ఆ వేలిముద్రని సమ్మతి అని ఎలా అనగలం?

ఈ కొండలకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఈ ప్రాంతంలోని లేవిడి దగ్గర 1967 అక్టోబరు 31న కోరన్న, మంగన్న భూస్వాముల చేతుల్లో హతమయ్యారు. శ్రీకాకుళ గిరిజన పోరాటం ఎగసిన ఆ రోజుల్లోనే, 1959 నాటి భూ బదలాయింపు నిబంధనల్ని సవరిస్తూ 1970లో 1/70 వచ్చింది. దాని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో ఆదివాసీ భూమిని గిరిజనేతరులకి అమ్మితే చెల్లదు. దస్తావేజు మీద వేలిముద్ర ఉన్నా చెల్లదు.

స్త్రీవాదులుగా మనకి ఇక్కడ ఇబ్బంది కలగాలి. నీ మంచికోసమే నీ మాట చెల్లదనడం పితృస్వామ్యం చేసే పనే కదా? చట్టం అమ్మేవారి చేతిని కూడా కొంత కడుతుంది, నిజమే. అయినా తేడా ఉంది. పితృస్వామ్యం స్త్రీకి తెలివి లేదంటుంది. 1/70 ఆదివాసీకి తెలివి లేదనదు. ఎదురుగా కూర్చున్నవాడి దగ్గర అప్పుపత్రం ఉందనీ, ఆ గదిలో ‘అమ్మను’ అనే మాటకి చోటు లేదనీ గుర్తిస్తుంది. ఆదివాసీ మరో ఆదివాసీకి అమ్ముకోవచ్చు. కట్టు ముఖ్యంగా కొనేవాడికి.

కాబట్టి నాకు అర్థమైనంతలో, ఒక అనుమతి నిజమైనదా కాదా అని తేల్చాలంటే ‘ఇవ్వను’ అన్నవాళ్లకి ఏం జరిగిందో అడగాలి. టోకెన్ ఇవ్వడంతో తమ పని అయిపోయిందని సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు అనుకోవచ్చు. నేను అలా అనుకోలేకపోతున్నాను. ‘ఇవ్వను’ అన్నవాళ్లకి మరో దారి చూపించమని, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే బటన్ కళ్లకి కనిపించే చోట పెట్టమని అడగడం మా చేతిలో పనే. బియ్యం ఆగకుండా చూడటం సాఫ్ట్‌వేర్ వల్ల కాదు. దానికి చట్టం కావాలి, చట్టాన్ని తెచ్చుకునే మనుషులు కావాలి. ఆ పోరాటానికి రెండు మాటల తెలుగు ఏపాటి అంటారేమో. ‘ఇవ్వను’ అన్న మాట ముందు తెర మీద ఉంటేనే, దాన్ని నొక్కినందుకు ఏం పోగొట్టుకున్నామో లెక్క అడగగలం.